మూడో నోరు

మొన్న మంగళవారం పొద్దున టెంట్ హౌస్ షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. "అన్నా, రెండు శామియానాలు, కుర్చీలు కావాలె. పగటీలికల్లా ఎయ్యాలె," అన్నాడు అవతలి మనిషి. పెళ్లికా, చావుకా అని అడగడం మా వ్యాపారంలో మర్యాద కాదు. అడ్రసు అడిగితే అదే తెలుస్తుంది. ములుగు రోడ్డు లోపల, పాత జీపుల షెడ్డు పక్కిల్లు అన్నాడు.

"ఎవరు, చాచానా?"

"ఔనన్నా. తెల్లారగట్ల పానం పోయింది. పగటి జొహర్ నమాజ్ అయినంక మట్టి."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రావాలి. రాలేదు, సిగ్గు వచ్చింది. రఘునాథపల్లిలో ఉన్న మా అన్నకు ఈ కబురు ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని సగం ఎత్తిన షట్టర్ కిందే నిలబడిపోయాను. మొన్నటి రంజాన్‌లో మా అన్న ఆ ఇంట్లో చేతిలో పెట్టిన పండు తినకుండా లేచి వచ్చేశాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. నేను ఇద్దరి మధ్యా ఉండి కూడా ఏమీ చేయలేదు.

చాచా పేరు రాయను. రాసినా గుర్తుపట్టడానికి ఎవరికీ పనికిరాదు. హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి చుట్టుపక్కల పాత జీపు ఉన్న ప్రతివాడికీ ఆయన చాచానే. చివరికి సొంత మనవడు కూడా చాచా అనే పిలిచేవాడు, వాళ్లమ్మ ఎంత మొత్తుకున్నా.

మనిషి పొట్టి. గడ్డానికి గోరింటాకు. నోరు మాత్రం మనిషికి మించింది. "వరంగల్ల ఓవర్‌డ్రైవ్ ఇప్పి మళ్ల బిగించెటోడు ఒక్కడే. రెండోడు ఇంక పుట్టలే. పుట్టినా నా దగ్గరికే నేర్చుకోను వస్తడు," అని కొత్తగా ఎవరొచ్చినా చెప్పేవాడు. నిజం చెప్పాలంటే రెండోవాడి అవసరం కూడా లేదు. ఆ పెట్టె ఉన్న జీపులు జిల్లా అంతా గాలించినా పిడికెడు ఉంటాయేమో.

ఓవర్‌డ్రైవ్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. పాత ఫోర్‌వీల్ జీపులు బురదకూ గుట్టలకూ పుట్టినవి, తారు రోడ్డుకు కాదు. హైవే ఎక్కి కాస్త వేగం అందుకుంటే ఇంజను గుక్కపట్టి ఏడుస్తుంది. అందుకని కొందరు ఒక చిన్న పెట్టె బిగించుకునేవారు. ముందు గేర్‌బాక్సు, దాని వెనక నాలుగు చక్రాలకూ బలం పంచే రెండో పెట్టె, ఆ వెనక ఈ మూడోది. టెంకాయంత ఉంటుంది. దానికి ఒక చిన్న కడ్డీ. బండి పరుగందుకున్నాక ఆ కడ్డీ లాగితే వేగం తగ్గదు కానీ ఇంజను నెమ్మదిస్తుంది. ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుంటే ఎట్లా ఊరుకుంటుందో అట్లా ఊరుకుంటుంది.

పెట్టె చిన్నది కనుక దాని రోగాలు కూడా చిన్నగానే మొదలవుతాయి. సీలు అరిగి నూనె చుక్క చుక్కగా కారుతుంది. మనం కింద మరక చూసి పెద్ద పెట్టెదిలే అనుకుంటాం. బేరింగులు కూత పెడతాయి. కడ్డీని పట్టి ఉంచే స్ప్రింగు అలిసిపోయి, నడుస్తుండగానే కడ్డీ జారి వెనక్కు వచ్చేస్తుంది. ఇవన్నీ చాచా చెప్పగా విన్నవే. నాకు సొంతంగా తెలిసింది శామియానా గుంజలు పాతడం ఒక్కటే.

ఆయన రోగం కనిపెట్టే పద్ధతి చూడాలి. జీపు ఎక్కగానే కుడికాలి చెప్పు విప్పేవాడు. అరికాలు కింద రేకుకు ఆనించి, కళ్లు మూసుకుని, "నడుపు," అనేవాడు. కాసేపటికి కళ్లు తెరవకుండానే "వెనక బేరింగు," అనో, "గేరు పండ్లు అరిగినయ్," అనో తీర్పు చెప్పేవాడు. చెవితో వినొచ్చు కదా చాచా అంటే, "చెవికి అబద్ధం చెప్పచ్చు బేటా. అరికాలుకు చెప్పరాదు," అనేవాడు.

అరికాలు కూడా అప్పుడప్పుడు అబద్ధం విన్నది. ఒకసారి హసన్‌పర్తి కాలేజీ సారు ఒకాయన జీపు తెస్తే, బేరింగు పోయిందని తేల్చేసి సగం విప్పాడు. తీరా చూస్తే సీటు కింద స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి దొర్లుతోంది. షెడ్డంతా నవ్వింది. చాచా మాత్రం డబ్బా మూత తీసి, అందులో మిగిలిన పులిహోర వాసన చూసి, "పాసిపోయింది సారూ. బేరింగు కాకపోతే ఇదన్న పోయింది గద," అని మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. ఓడిపోవడం ఆయనకు చేతకాదు. అందుకే తర్వాత జరిగిన సంగతి నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

పాత జీపును ఆయన "మూడు నోళ్ల బండి" అనేవాడు. మూడు పెట్టెలకూ నూనె పోసే రంధ్రాలు వేరువేరు. మూడో నోరు అన్నిటికన్నా చిన్నది, గ్లాసెడు తాగుతుందేమో. "ఇంట్ల ముగ్గురు పిల్లలుంటే ఇద్దరికి పెట్టి మూడోదాన్ని ఎండబెడ్తరా? గా చిన్నదే ముందుగాల సస్తది," అని డ్రైవర్లను తిట్టేవాడు. భోజనాల దగ్గరా అదే వరస. మా ఇంట్లో విందుకు పిలిస్తే చేయి కడుక్కోకముందే "అందరు తిన్నరా? వంటోళ్లు తిన్నరా? బయట బండ్ల దగ్గర ఎవరన్న ఉన్నరా?" అని గేటు దాకా వెళ్లి చూసి వచ్చేవాడు. విసుగొచ్చేది. పెళ్లిళ్లలో కుర్చీలు వేసేవాళ్లను తిన్నారా అని అడిగే మనిషి మా వృత్తిలో తగలడు కాబట్టి, ఆ విసుగు నాకు ఎక్కువసేపు నిలిచేది కాదు.

నూనె పోశాక ఇంకో తతంగం ఉండేది. ఒక్కొక్క రంధ్రంలో చిటికెన వేలు పెట్టి తీసి, బండి ఆసామి మొహం ముందు పట్టేవాడు. "చూసినవా?" ఆసామి వేలు ముట్టుకుని, "తడి," అని పైకి చెప్పాలి. చెబితేనే మూత బిగిస్తాడు. మూడు రంధ్రాలకూ మూడుసార్లు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా నాలుగు దిక్కులు చూసుకుని, సిగ్గుపడుతూ, బడిపిల్లల్లా "తడి" అనేవారు. రంజాన్ నెలలో అయితే సాయంత్రపు అసర్ నమాజ్ దాటాక నూనె డబ్బా ముట్టనే ముట్టడు. ఎంత తొందర పని అయినా రేపే అంటాడు. భక్తి ఎక్కువ అనుకునేవాళ్లం.

ఈ రెండు అలవాట్లూ ఆయనకు మొదటి నుంచీ ఉన్నవి కావు. మా అన్న జీపులో ఆ మూడో పెట్టె కాలిపోయిన తర్వాత వచ్చాయి. ఎందుకు వచ్చాయో మొన్నటి రంజాన్ దాకా మాకు తెలియదు.

మా అన్న రఘునాథపల్లిలో వ్యవసాయం చేస్తాడు. పత్తి బాగా వచ్చిన ఒక ఏడు, వద్దన్నవాళ్లందరినీ కాదని ఓవర్‌డ్రైవ్ ఉన్న పాత జీపు కొన్నాడు. ఊరు దాటి హైదరాబాద్ రోడ్డు ఎక్కడం, వేగం అందుకోవడం, ఆ చిన్న కడ్డీ లాగడం, ఇంజను చప్పుడు తగ్గగానే నా వైపు తిరిగి నవ్వడం. బయట ఏ పనీ లేకపోయినా అందుకోసమే జనగామ దాకా పోయి వచ్చేవాడు. మా వదిన ఆ కడ్డీకి 'సవతి' అని పేరు పెట్టింది. అన్నకు పెద్దగా సరదాలు లేవు. తాగడు, పేకాడడు. ఉన్నది అదొక్కటే.

ఆ ఏడు రంజాన్ మండు వేసవిలో వచ్చింది. అన్న బావమరుదులు రామప్ప గుడి చూడాలని వచ్చి హన్మకొండలో మా ఇంట్లో దిగారు. తెల్లారితే పాలంపేట ప్రయాణం. జీపుకు మూడు పెట్టెల్లోనూ పాత నూనె తీసి కొత్తది పోయించాలని అన్న పట్టు. ఆ ఎండలో, షెడ్డు ముందు, గొంతులో నీటి చుక్క లేకుండా చాచా పొద్దుగూకే దాకా జీపు కింద పడుకుని పని చేశాడు. అన్నకు జాలేసింది. నన్ను వెంటబెట్టుకుని పోయి పెద్ద పుచ్చకాయ, ఖర్జూరాలు తెచ్చాడు. కాయ కోసి పళ్లెంలో పెట్టాడు. ఇంతలో మసీదు నుంచి అజా వినబడింది. చాచా కాళ్లు మాత్రం ఇంకా జీపు కిందే ఉన్నాయి.

"చాచా, అజా అయితాంది! ఇగ రా బయటికి," అన్నాడు అన్న.

"అయిపాయె బేటా. ఒక్క మూత ఉన్నది, జర ఆగు."

"మూత ఎటు పోదు. ముందుగాల నోట్లె ఏస్కో నువ్వు." అంటూనే అన్న వంగి, రెండు చీలమండలు పట్టుకుని, నవ్వుతూ చాచాను బయటికి గుంజాడు. చాచా వీపుతో నేల ఊడ్చుకుంటూ వచ్చి, తిడుతూ లేచి, చేతులు కడుక్కుని, అన్న చేతిలోంచే ఖర్జూరం తీసుకుని ఒక్కపొద్దు విడిచాడు. పుచ్చకాయ తిన్నాం. ఆయన నమాజ్ చేసుకుని వచ్చి, కిందకు దూరి మిగిలిన మూత బిగించి, తాళం చెవి అన్న చేతిలో పెట్టాడు. అంత ముద్దుగా గడిచిన సాయంత్రం నా ఎరుకలో ఇంకొకటి లేదు.

మర్నాడు ములుగు దాటాక జీపు కూత మొదలుపెట్టింది. సీట్ల నిండా చుట్టాలు, ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర అన్నం గిన్నెలు. కొత్త నూనె కదా, సర్దుకుంటుందిలే అన్నాడు అన్న. పాలంపేట ఇంక దగ్గర పడిందనగా మాడు వాసన వచ్చింది. తర్వాత అరుపు. ఆ తర్వాత ఇనుము ఇనుమును కరిచి పట్టుకున్నట్టు బండి ఆగిపోయింది. కోసేసిన పొలాల మధ్య, చెట్టు నీడ కూడా లేని చోట దిగాం. "గుడి కాడ రాతి ఏనుగులున్నయంటె చూద్దామని వచ్చినం. బావ ఇక్కన్నే రాతి జీపు చూపిచ్చిండు," అన్నాడు పెద్ద బావమరిది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్న మాత్రం కడ్డీ వైపే చూస్తున్నాడు.

మనుషుల బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ కడ్డీ లాగకూడదని చాచా పదేపదే చెప్పి ఉన్నాడు. ఆరోజు బావమరుదులకు చూపించుకోవాలన్న సంబరంలో అన్న లాగాడు.

ట్రాక్టరుకు కట్టి జీపును షెడ్డుకు తెచ్చాం. చాచా కిందకు దూరి, మూడో పెట్టె అడుగు మూత తిప్పాడు. కింద రేకు డబ్బా పెట్టాడు. నేను వంగి చూస్తున్నాను. మూత ఊడింది. ఆయన అరచేతిని చప్పున ఆ రంధ్రానికి అడ్డం పెట్టాడు. నూనె చిమ్ముతుందని కాబోలు అనుకున్నాను. చేయి అట్లాగే ఉంచి చాలాసేపు కదలలేదు.

పైన నిలబడ్డ అన్న చేతులు కట్టుకుని, తల దించుకుని చెబుతున్నాడు. "నాదే తప్పు చాచా. నువ్వు చెప్పినా ఇనకపోతి. మందిని ఎక్కిచ్చుకొని ఎత్తు మీద లాగిన. నీ పని ఖరాబ్ చేసిన. మాఫ్ చెయ్."

 ఇతరుల బండి చెడితేనే వాళ్ల ఏడు తరాలను తిట్టే మనిషి, మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. కోపంతో నోరు మూతపడిందని అన్న అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

నీలం తిరిగిన బేరింగులు మార్చాడు. రెండు పళ్లచక్రాలు ఎక్కడి నుంచో తెప్పించి వేశాడు. కానీ లోపలి ఇరుసు మీద గాట్లు పడ్డాయి, అది దొరకలేదు. పెట్టె పని చేస్తుంది కానీ కూత పెడుతుంది, కడ్డీ అప్పుడప్పుడు జారుతుంది అని చెప్పి ఇచ్చాడు. అన్న మా ఇంటికి వచ్చి, పాత తువ్వాల అంచు చించి, ఆ పీలికతో కడ్డీని లాగడానికి వీల్లేకుండా కట్టేశాడు. "నా చేతికి గది తగదు తమ్మీ," అన్నాడు. అప్పటి నుంచి హైవే మీద ఇంజను ఏడుస్తూ ఉండేది, అన్న ఎడమ పక్కన, లారీలకు దారి ఇస్తూ, నెమ్మదిగా పోతుండేవాడు. నవ్వడం మానేశాడు అనను. నా వైపు తిరిగి నవ్వే ఆ నవ్వు మాత్రం పోయింది. ఇంట్లో ఏది చెడినా, పంపుసెట్టు కాలినా, మిక్సీ ఆగినా, బావమరుదులు "బావ ముట్టుకున్నడా ఏంది?" అనేవారు. అన్న ఊరుకునేవాడు. ఒకసారి పొలంలో కొత్త ట్రాక్టరు తోలమంటే, తాళం చెవి జీతగాడికి ఇచ్చి తాను వెనక నడిచాడు.

చాచా మాత్రం మేము కనబడితే చాలు, వరసలో ఉన్న బండ్లన్నీ వదిలి మా జీపు కిందకు దూరేవాడు. మిగతావాళ్లు గునిసేవారు. బయటికి వచ్చి, వేలు చూపించి, "చూసినవా?" అనేవాడు. అన్న "తడి" అనేవాడు. మూడు నోళ్లూ అయ్యాక ఆ పీలిక వైపు చూసి, "ఇప్పు బేటా అది. లాగు. ఏం గాదు, నేను చెప్తాన," అని బతిమాలేవాడు. బతిమాలడం అనే పని చాచా ఇంకెవరి దగ్గరా చేయగా నేను చూడలేదు. అన్న తల అడ్డంగా ఊపేవాడు. షెడ్డు బయటికి వచ్చాక నాతో, "ఎంత పెద్ద మనసురా చాచాది. నేను గంత నాశనం చేసినా ఒక్క మాట అనడు," అనేవాడు. ఆ మాటలు ఇప్పుడు తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

మొన్నటి రంజాన్ నాటికి చాచాకు షుగర్ ముదిరింది. చూపు తగ్గింది. ఒక్కపొద్దు ఉండొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. తాను ఉండలేకపోతున్నందుకు పదిమందిని పిలిచి ఇఫ్తార్ పెట్టుకున్నాడు. అన్ననూ నన్నూ తప్పక రమ్మని కబురంపాడు. పరిచిన దుప్పటి మీద గుగ్గిళ్లు, మిర్చీలు, పండ్ల ముక్కలు. అన్నను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. అజా అయింది. అందరూ నోట్లో వేసుకున్నారు. చాచా ఒక ఖర్జూరం తీసి అన్న చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకున్నాడు.

"ఒక మాట ఉన్నది బేటా. గా రామప్పకు పోయేటప్పుడు జీపు కాలింది సూడు. నువ్వేం చెయ్యలే. మూడో నోట్లె నేను నూనె పొయ్యలే."

అన్నకు అర్థం కాలేదు. "ఏంది చాచా?"

"రెండిట్ల పోసిన. మూడోదాంట్ల పొయ్యాలె, గంతల అజా అయింది. నమాజ్ చేసొచ్చి మూత పెట్టిన, పోసిననే అనుకున్న. నా ఒక్కపొద్దు ఇడిసిన గని, దానిది ఇడువలే. మల్ల ఇప్పినప్పుడు సుక్క రాలే. అప్పుడే ఎరుకైంది నాకు. నువ్వు మంచిగనే నడిపినవ్ బేటా. ఎత్తు మీద లాగితే అరుగుతది గని, ఒక్క పూటల కాలది."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

చాచా అన్నను చూడలేదు. నన్ను చూశాడు. మసక కళ్లతోనే చూశాడు. ఆ ఒక్క క్షణంలో నాకు మొత్తం తెలిసింది. మూత ఉన్నది జర ఆగు అని చాచా అనడం, అన్న నవ్వుతూ కాళ్లు పట్టి గుంజడం, అన్నీ కళ్లముందుకు వచ్చాయి. ఎందుకు మరిచిపోయావు అని అడిగితే చాచా చెప్పాల్సిన జవాబు అది. పుచ్చకాయ తెచ్చి, ఖర్జూరం తెచ్చి, ఆకలితో ఉన్నాడని ప్రేమగా గుంజినవాడి మీద ఆయన ఆ మాట వేయలేకపోయాడు. వేయకుండా చెప్పే దారి దొరకక, ఇన్నేళ్లు అసలు మాటే చెప్పలేకపోయాడు. నా పెదవి కదలబోతుంటే, చాచా తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. వద్దు అని.

"సిగ్గైంది," అన్నాడు అన్నతో. "గింత పెద్ద నోరు గద నాది. గా చిన్న మాట రాలే."

అన్న మొహం ఎర్రబడింది. "పీలిక కట్టుకొని తిరిగిన చాచా ఇన్నేండ్లు. బామ్మర్దులు నవ్వితె నెత్తి దించుకున్న. ట్రాక్టర్ తాళం జీతగానికిచ్చి ఎనక నడిచిన. నీ ముందట చేతులు కట్టుకొని మాఫీ అడిగిన, అడిగించుకున్నవ్. ఎట్ల ఊకున్నవ్ చాచా?"

చాచా దగ్గర జవాబు ఉంది. చెప్పలేదు. అన్న ఖర్జూరాన్ని పళ్లెంలో పెట్టి లేచి వెళ్లిపోయాడు. నేను సగం లేచాను. "నువ్వన్న తిను బిడ్డా," అన్నది చాచీ, గుమ్మం దగ్గర నుంచి. కూర్చుని తిన్నాను. అన్న వెంట పోలేదు, నిజమూ చెప్పలేదు. నా పళ్లెం ఖాళీ చేసి, చేయి కడుక్కుని వచ్చాను. ఆ ఇంటి తిండి అంత చేదుగా నాకు ఎప్పుడూ తగల్లేదు.

తర్వాత ఒకరోజు చాచా ఫోన్ చేశాడు. అన్న బాగున్నాడా అనలేదు, కోపం పోయిందా అనలేదు. "అన్న పీలిక ఇప్పిండా?" అన్నాడు.

"ఇప్పిండు చాచా," అన్నాను. పచ్చి అబద్ధం.

"కూత పెడ్తాందా?"

"జర పెడ్తాంది."

"పెట్టనియ్. ఏం గాదు. నడుపుమను," అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని, నిజం చెప్పడానికి నోరు రాలేదు. అదే ఆయనతో నా చివరి మాట.

మంగళవారం పొద్దున షట్టర్ కింద నిలబడి అన్నకు ఫోన్ చేశాను. చాచా పోయాడని చెప్పాను.  ఆ ఫోన్ సంగతి కూడా చెప్పేశాను, చాచా ఏమడిగాడో, నేను ఏం చెప్పానో. కాళ్లు గుంజిన సంగతి మాత్రం చెప్పలేదు. చాచా వద్దన్నది అది. అన్న ఫోన్ పెట్టేశాడు. వస్తాడో రాడో తెలియక, శామియానా కడుతూ రోడ్డు వైపే చూస్తున్నాను.

వాన సన్నగా పడుతోంది. జీపు కనబడకముందే కూత వినబడింది. రోడ్డు మలుపు అవతల నుంచే సన్నగా, పొడుగ్గా. షెడ్డు దగ్గర పని చేసేవాళ్లు తలలెత్తారు. అన్న జీపు దిగాడు. కడ్డీకి పీలిక లేదు. దారి పొడుగునా జారకుండా పట్టుకుని వచ్చినట్టున్నాడు, ఎడమ అరచేయి ఎర్రగా కంది ఉంది. చాచీకి దండం పెట్టి, వచ్చి నా కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు.

జనాజా లేచింది. భుజాలు మారుస్తూ పోతున్నారు. ముందున్నవాళ్లు తప్పుకుంటుంటే వెనకవాళ్లు అందుకుంటున్నారు. అన్నకు కాళ్ల వైపు వచ్చింది. పక్కనే నేను. నాలుగడుగులు వేశాక అన్న నడక తడబడింది. పక్కకు చూశాను. ఆయన కళ్లు భుజం మీది పాడె అంచును చూస్తున్నాయి. తెల్లగుడ్డ కింద పాదాలు ఆ అంచు దగ్గరే ఉంటాయి.

"తమ్మీ," అన్నాడు. "ఆ రోజు కింద మూత ఉన్నదన్నడు గదా. జర ఆగన్నడు."

నేను భుజం సర్దుకున్నాను.

"గీ కాళ్లే గదరా. నేనే వట్టి గుంజిన."

"ఔను."

"నీకు యాదికున్నదా?"

"ఉన్నది."

"చాచాకు?"

"ఎట్ల లేకుంటదే అన్నా," అన్నాను.

 ఎవరో భుజం మార్చబోతే అన్న ఇవ్వలేదు. కబరస్తాన్ గేటు దాకా కాళ్ల వైపు తానే మోశాడు. కన్నీళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. తుడుచుకోవాలని కూడా లేదేమో.

గుంతలో దించాక ఒక్కొక్కరూ మూడేసి పిడికిళ్ల మట్టి వేయాలి. వరసలో మా ముందున్నవాళ్లు వేసి తప్పుకున్నారు. అన్న వంగాడు. ఒక పిడికెడు వేశాడు. రెండోది వేశాడు. మూడోది తీసి, పిడికిలి మూసి, అట్లాగే నిలబడ్డాడు. వెనక జనం ఉన్నారు. చాచా అల్లుడు మెల్లగా, "ఏయుండ్రి అన్నా, మూడు ఏయాలె," అన్నాడు.

అన్న పిడికిలి తెరిచాడు. వానకు నాని మట్టి ముద్దగా ఉంది. చిటికెన వేలితో దాన్ని నొక్కి చూశాడు. ఆ వేలును గుంత వైపు, చాచా మొహం ఉండే వైపు చాపాడు.

"తడి, చాచా," అన్నాడు.

మట్టి వేసి పక్కకు జరిగాడు. తర్వాత నా వంతు.